డిప్లొమా శాస్త్రం పేపర్‌కి ఎలా చదవాలి? పాడటం వచ్చు, రాయడం దగ్గరే కష్టం

హిందోళ_కాకినాడ
అందరికీ నమస్కారం. కర్ణాటక గాత్రంలో సర్టిఫికెట్ నాలుగేళ్లూ అయిపోయింది, ఇప్పుడు డిప్లొమా రెండో ఏడు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం క్లాసులకి వెళ్తున్నాను. ప్రాక్టికల్ గురించి నాకు బెంగ లేదు, మా గురువుగారు గట్టిగానే సాధన చేయించారు. టెన్షన్ అంతా శాస్త్రం పేపర్‌తోనే. మేళకర్త (72 మూల రాగాల్లో ఒకటి) నంబరు ఇచ్చి స్వరాలు రాయమంటే పట్టిక ముందుంటే రాస్తాను, పట్టిక తీసేస్తే ఆగిపోతాను. కటపయాది సూత్రం (రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకి అంకెలిచ్చి, తిప్పి చదివి మేళం సంఖ్య తెలుసుకోవడం) నేర్చుకున్నాను కానీ కొన్ని రాగాలకి లెక్క కుదరట్లేదు. చక్రవాకం 16వ మేళం కదా, నేను లెక్కేస్తే 26 వస్తోంది. తాళ దశప్రాణాలు (తాళానికి ఉండే పది అంశాలు) పేర్లు వరసగా చెప్పగలను, ఒక్కోదాని గురించి అరపేజీ రాయమంటే మాత్రం రెండు వాక్యాలకి మించి రావట్లేదు. అన్నింటికంటే కష్టం నొటేషన్. కళ్లు మూసుకుని పాడే కీర్తననే కాగితం మీద పెట్టమంటే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) తేలదు. లక్షణ గ్రంథాలు (సంగీత శాస్త్రం చెప్పే పాత పుస్తకాలు), వాటి కాలాలు కూడా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో ఈ పరీక్ష రాసినవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్తారా?

సాయి_కీబోర్డ్
పాత ప్రశ్నపత్రాలు సంపాదించండి. తిప్పి తిప్పి అవే అడుగుతారు. త్యాగరాజస్వామి జీవితం, కటపయాది, సప్త తాళాలు, రెండు రాగాల పోలిక, ఒక వర్ణానికి నొటేషన్. వీటికి సమాధానాలు తయారు చేసుకుని వారం రోజులు గట్టిగా బట్టీ పడితే పాసైపోతారు. మిగతాదానికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

ఫిడేలు_మాస్టారు_విజయనగరం
అమ్మా, పాసవ్వడం వరకే అయితే సాయి గారు చెప్పింది సరిపోతుంది. మీరు పాడగలరు, శాస్త్రంలో సగం మీ గొంతులో ఇప్పటికే ఉంది. దాన్ని బయటికి తీయడం నేర్చుకుంటే బట్టీ బరువు చాలా తగ్గుతుంది. నేను మేళకర్తల గురించి చెప్తాను, మిగతావి మన సభ్యులు చెప్తారు.

ముందు పట్టికను పక్కన పెట్టండి. పన్నెండు చక్రాల పేర్లు (ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య) వరసగా నోటికి రావాలి, అంతవరకే బట్టీ. ఆ పేర్లలోనే అంకెలున్నాయి కాబట్టి అదీ కష్టం కాదు. కళ్లు రెండు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు, దిక్కులు పది, రుద్రులు పదకొండు మంది. చక్రం మారితే రిషభ గాంధారాలు మారతాయి: రగ, రగి, రగు, రిగి, రిగు, రుగు (ర, రి, రు అంటే శుద్ధ, చతుశ్రుతి, షట్‌శ్రుతి రిషభాలు; గ, గి, గు అంటే శుద్ధ, సాధారణ, అంతర గాంధారాలు). చక్రం లోపల ఒక్కో రాగానికి ధైవత నిషాదాలు అదే వరసలో మారతాయి: ధన, ధని, ధను, ధిని, ధిను, ధును (ధైవతాలకి రిషభాల పేర్లే; న, ని, ను అంటే శుద్ధ, కైశికి, కాకలి నిషాదాలు). 36 దాటితే ప్రతి మధ్యమం. అయిపోయింది, ఇంకేం లేదు.

56 ఇచ్చారనుకోండి. 36 దాటింది కాబట్టి ప్రతి మధ్యమం. 36 తీసేస్తే 20. 20ని ఆరుతో భాగిస్తే మూడు చక్రాలు పూర్తై రెండు మిగిలాయి, అంటే నాలుగో వరస చక్రంలో రెండో రాగం. నాలుగోది రిగి, రెండోది ధని. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. షణ్ముఖప్రియ. ప్రతి మధ్యమ భాగంలో నాలుగోది కాబట్టి మొత్తం మీద పదో చక్రం, దిశి. శేషం ఏమీ మిగలకపోతే చాలామంది తడబడతారు. 48 తీసుకోండి, 36 పోతే 12, ఆరుతో భాగిస్తే సరిగ్గా రెండు. అంటే మూడో చక్రానికి పోకూడదు, రెండో చక్రంలోనే ఆఖరి రాగం. రగి, ధును. దివ్యమణి.

ఇలా రాసిన ప్రతి మేళాన్నీ ఒకసారి పాడండి. 48ని మూర్ఛనగా నాలుగుసార్లు పాడితే షట్‌శ్రుతి ధైవతం అంటే ఏమిటో చెవికి తెలుస్తుంది, ఆ తర్వాత వివాది స్వరాల మీద ప్రశ్న వచ్చినా మీకు కొత్త కాదు. వివాది మేళాలు నలభై అని పుస్తకాల్లో ఉంటుంది, అదీ ఇక్కడి నుంచే వస్తుంది. 1, 6, 7, 12 చక్రాలు మొత్తంగా వివాదులు, అవి 24. మిగిలిన ఎనిమిది చక్రాల్లో మొదటిదీ ఆఖరిదీ, అవి 16. ఈ లెక్క పరీక్షలో రాస్తే దిద్దేవాళ్లకి మీరు అర్థం చేసుకుని రాశారని తెలిసిపోతుంది.

ప్రతిమధ్యమం
చక్రవాకం సంగతి నేను చెప్తాను, నాకు ఈ టాపిక్ చాలా ఇష్టం. కటపయాదిలో మామూలు నియమం ప్రకారం సంయుక్తాక్షరంలో చివరి హల్లు తీసుకోవాలి. సూర్యకాంతంలో ర్య, అందులో య అంటే 1, ముందు స 7, తిప్పితే 17. ధర్మవతిలో ర్మ, మ అంటే 5, ధ 9, తిప్పితే 59. రత్నాంగిలో త్న, న అంటే సున్న, ర 2, తిప్పితే 02. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చక్రవాకంలో క్ర లోంచి ర కాకుండా క తీసుకుంటేనే 16 వస్తుంది. దివ్యమణిలో వ్య లోంచి వ తీసుకుంటేనే 48. విశ్వంభరిలో శ తీసుకుంటేనే 54. శ్యామలాంగి, జ్యోతిస్వరూపిణి కూడా అంతే, మొదటి హల్లే లెక్క. సింహేంద్రమధ్యమంలో అయితే హ ని వదిలేసి ముందున్న సున్నని మకారంగా తీసుకోవాలి, 7, 5, తిప్పితే 57. హ తీసుకుంటే 78 వచ్చేది, తిప్పితే 87, అలాంటి మేళమే లేదు.

కాబట్టి హిందోళ గారూ, మీ లెక్క నియమం ప్రకారం సరైనదే, మీరు చేసింది తప్పు కాదు. సంఖ్యకి సరిపడేలా పేర్లు కుదిర్చేటప్పుడు ఈ కొన్నింటికి మినహాయింపు ఇచ్చారు. ఈ ఆరు పేర్లూ విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకో రెండు కూడా చూసుకోండి. ఋషభప్రియలో ఋ అచ్చు, దాన్ని ర గా తీసుకుంటే 2, ష 6, తిప్పితే 62. అలాగే 20వ మేళాన్ని మనం అలవాటుగా నటభైరవి అని రాసేస్తాం. ట అయితే 1 కాబట్టి 10 వస్తుంది, అది నాటకప్రియ సంఖ్య. అసలు పేరు నఠభైరవి, ఠ అంటే 2, అప్పుడే 20. పరీక్షలో ఆ వత్తు మర్చిపోవద్దు.

హిందోళ_కాకినాడ
మాస్టారూ, ప్రతిమధ్యమం గారూ, చాలా థాంక్స్ అండి. ఆఫీసులో మధ్యాహ్నం భోజనం తర్వాత కాగితం మీద ఏవో అంకెలు వేసుకుని చూశాను, పట్టిక లేకుండా అన్నీ వచ్చాయి. 36, 72 కూడా. తాళాలు, నొటేషన్ గురించి ఎవరైనా చెప్పగలరా?

మృదంగం_తెనాలి
అక్కా, తాళాల మాట నాకు వదిలేయండి. 35 తాళాల పట్టికను ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. జాతి (త్రిశ్ర 3, చతురశ్ర 4, ఖండ 5, మిశ్ర 7, సంకీర్ణ 9) మారితే మారేది లఘువు ఒక్కటే. ద్రుతం ఎప్పుడూ రెండు, అనుద్రుతం ఎప్పుడూ ఒకటి. ధ్రువలో మూడు లఘువులు ఒక ద్రుతం, కాబట్టి జాతి సంఖ్యని మూడుతో గుణించి రెండు కలపండి: 11, 14, 17, 23, 29. మఠ్యకి రెండు లఘువులు ఒక ద్రుతం, రూపకానికి ఒక లఘువు ఒక ద్రుతం, ఝంపకి లఘువు మీద మూడు, త్రిపుటకి లఘువు మీద నాలుగు, అటకి రెండు లఘువులు మీద నాలుగు, ఏకానికి లఘువే. ఇంతే. ఒక్కో తాళానికి ఒక్క వాక్యం గుర్తుంటే 35 మీ చేతిలో ఉన్నట్టే, గతులు అయిదింటితో గుణిస్తే 175.

ఇది అర్థమైందో లేదో చూసుకోడానికి ఒక ప్రశ్న: ఎనిమిది అక్షరాలు వచ్చే తాళాలు ఎన్ని? ఆది ఒక్కటే అనేస్తారు చాలామంది. చతురశ్ర జాతి త్రిపుట (అదే ఆది), త్రిశ్ర జాతి మఠ్య, ఖండ జాతి ఝంప, మూడు. చేత్తో వేసి చూడండి, మూడూ ఎనిమిదే కానీ నడక ఎంత వేరుగా ఉంటుందో. ఏడు అక్షరాలకి ఎన్నో మీరే చెప్పండి.

ఇంక దశప్రాణాలు. కాలం, మార్గం, క్రియ, అంగం, గ్రహం, జాతి, కళ, లయ, యతి, ప్రస్తారం. అరపేజీ రాకపోవడానికి కారణం ఉదాహరణ లేకపోవడం. ప్రతి ప్రాణానికి మీరు పాడే ఒక రచన తగిలించండి. గ్రహం అంటే పాట ఎక్కడ ఎత్తుకుంటారు అన్నది. తాళంతోపాటే ఎత్తుకుంటే సమం, తాళం మొదలయ్యాక ఎత్తుకుంటే అనాగతం, తాళం కంటే ముందే పాట మొదలైతే అతీతం. త్యాగరాజస్వామి దేశాది కీర్తనలు మీకు ఎన్ని వచ్చో లెక్కపెట్టండి, ఒకటిన్నర అక్షరం వదిలి ఎత్తుకుంటాం కదా, అవన్నీ అనాగతానికి ఉదాహరణలే. యతికి దీక్షితుల వారి ఆనందభైరవి కృతి త్యాగరాజ యోగ వైభవం కంటే మంచిది లేదు. పల్లవిలో మాట ఒక్కో ముక్కా తగ్గుతూ వస్తుంది, అది గోపుచ్ఛం. చరణంలో ఒక్కో ముక్కా పెరుగుతూ పోతుంది, అది స్రోతోవహం. రెండు యతులకీ ఒకే కృతి, అదీ సాహిత్యంలోనే కనిపిస్తుంది.

ప్రస్తారం అంటే చాలామందికి భయం. దాన్ని ఒదిలేయకండి, అందులో చాలా అందం ఉంది. ద్రుతం, లఘువు, గురువు, ప్లుతం, ఈ నాలుగు అంగాలతో ఒక కాలప్రమాణాన్ని ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు అన్నదే ప్రశ్న. ద్రుతానికి ఒక్కటే దారి. లఘువుకి రెండు: లఘువు, లేదా రెండు ద్రుతాలు. గురువుకి ఆరు: గురువు, రెండు లఘువులు, ఒక లఘువూ రెండు ద్రుతాలూ మూడు వరసల్లో, చివరికి నాలుగు ద్రుతాలు. ద్రుతం చొప్పున పెంచుకుంటూ పోతే 1, 2, 3, 6, 10, 19, 33 అని వస్తుంది. ఏ అంకె కావాలన్నా దాని ముందున్న అంకె, రెండోది, నాలుగోది, ఆరోది కలపాలి. 10కి ముందువి 6, 3, 1. ప్లుతానికి 19 ఎలా వచ్చిందంటే 10, 6, 2, దాని మీద ప్లుతం తనంతట తాను ఒకటి. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఈ లెక్క చెప్పాడు. మృదంగం నేర్చుకునే పిల్లలకి నేను ఇది మొదటి ఏడాదే చెప్తాను, వాళ్లకి ఎంత ఉత్సాహమో.

హిందోళ_కాకినాడ
ఏడు అక్షరాలకి నాలుగు! త్రిశ్ర త్రిపుట, ఖండ రూపకం, చతురశ్ర ఝంప, మిశ్ర ఏకం. కరెక్టేనా తమ్ముడూ?

మృదంగం_తెనాలి
నూటికి నూరు కరెక్ట్ అక్కా.

వీణ_సీతమ్మధార
నొటేషన్ గురించి నేను రాస్తాను, ఇందులోనే ఎక్కువ మార్కులు పోతాయి, అనవసరంగా పోతాయి. పాడటం వచ్చినవాళ్లు నేరుగా స్వరం రాయడం మొదలుపెడతారు. అలా కాకుండా ముందు గీతలు గీయండి. ఆది తాళం అయితే లఘువుకి నాలుగు గళ్లు, ఒక నిలువు గీత, ద్రుతానికి రెండు గళ్లు, గీత, మళ్లీ రెండు గళ్లు, జంట గీత. ఒక్కో గడిలో నాలుగు స్వరాలు పట్టాలి. అంటే లఘువులో 16, ఒక్కో ద్రుతంలో 8, ఆవర్తనానికి 32. ఇప్పుడు తాళం వేస్తూ సాహిత్యం మాత్రమే పాడండి, ఏ అక్షరం ఏ గడిలో పడిందో పెన్సిల్‌తో పెట్టండి. సాహిత్యం కుదిరాక పైన స్వరం నింపండి. హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు, కామా ఒకటి, సెమికోలన్ రెండు. రాశాక ప్రతి అంగాన్నీ లెక్కపెట్టండి. 16 రావాల్సిన చోట 15 వచ్చిందంటే ఎక్కడో ఒక కామా పోయింది, పెన్నుతో కొట్టేయకుండా అప్పుడే దొరుకుతుంది.

దేశాది కీర్తన అయితే ఒకటిన్నర అక్షరం ఖాళీ, అంటే ఆరు స్వరాల చోటు. మొదట మూడు సెమికోలన్లు పెట్టి అప్పుడు మొదలుపెట్టాలి. పల్లవి చివర మళ్లీ ఎత్తుకోడానికి అంత చోటు తీరాలి కాబట్టి పంక్తి చివర లెక్క కుదిరిందా లేదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

అట తాళ వర్ణం అడిగితే భయపడకండి. విరిబోణి తీసుకోండి, పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి భైరవి వర్ణం, ఖండ జాతి అట తాళం. 14 అక్షరాలు, నాలుగేసి చొప్పున 56 స్వరాలు. 20, 20, 8, 8. ఆ నాలుగు అంకెలు పేజీ పైన మూలగా రాసుకుని మొదలుపెట్టండి. మంద్ర స్థాయికి కింద చుక్క, తార స్థాయికి పైన చుక్క, ఇవి పెట్టడం చాలామంది మరిచిపోతారు, చుక్క లేకపోతే పాట మొత్తం మధ్య స్థాయిలో ఉన్నట్టు అవుతుంది. రెండో కాలానికి స్వరాల మీద అడ్డగీత.

రోజూ ఏదో ఒక రచనలో ఒక్క ఆవర్తనం రాయండి, అంతకంటే వద్దు. రాసింది పక్క రోజు మీరే చూసి పాడండి. మీరు పాడేది, కాగితం మీద ఉన్నది ఒకటి కాకపోతే అది మీ చెవికే తెలుస్తుంది. ఇంకొకరు దిద్దక్కర్లేదు.

సాయి_కీబోర్డ్
ఇవన్నీ మంచివే. కానీ ఆవిడ ఉద్యోగం చేసుకుంటున్నారు, ఇంత సమయం ఎక్కడుంటుంది? రాగ లక్షణాలకి మాత్రం తయారు నోట్సే మేలు. ఆరోహణ అవరోహణ, మేళం, స్వరస్థానాలు, జాతి, సంచారం, రచనలు. అందరూ అదే రాస్తారు.

ఫిడేలు_మాస్టారు_విజయనగరం
సాయి గారూ, సమయం తక్కువని నేనూ ఒప్పుకుంటాను. అందుకే అంటున్నాను, తయారు నోట్సుతో ఎక్కువ సమయం పోతుంది. ఇరవై రాగాలకి ఇరవై నోట్సులు బట్టీ పట్టాలి కదా. ఆరభి, దేవగాంధారి పోలిక అడిగారనుకోండి. రెండింటికీ 29వ మేళమే, రెండింటికీ ఆరోహణ సరిమపధస, అవరోహణ సనిధపమగరిస. నోట్సు చూసి రాసినవాళ్ల పేపర్లో రెండు రాగాలకీ ఒకే సమాధానం ఉంటుంది, తేడా ఎక్కడుందో ఉండదు. మీరు ఏం చేయాలంటే ఆరభిలో సాధించెనే ఒక స్వరం పాడి, వెంటనే దేవగాంధారిలో క్షీరసాగర శయన పల్లవి పాడండి. ఆరభి మధ్యమకాలంలో నిటారుగా నడుస్తుంది, గమకం (స్వరాన్ని కదిలించడం) తక్కువ, గాంధార నిషాదాలు కాస్త తాకి వదిలేస్తాం. దేవగాంధారి విళంబంలో కుదురుకుంటుంది, రిషభం మీద నిలబడి కదిలిస్తాం, దీర్ఘాలు ఎక్కువ. ఈ నాలుగు మాటలు మీ గొంతు చెప్పినవి, ఏ నోట్సూ అక్కర్లేదు. ఘనరాగ పంచకంలో (నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ) ఆరభి ఎందుకుందో కూడా ఇలా పాడితేనే అర్థమవుతుంది, తాన ప్రయోగానికి ఎంత బాగా ఒదుగుతుందో.

భైరవికైతే ధైవతాలు రెండూ ఎక్కడెక్కడ వస్తున్నాయో విరిబోణిలోనే చూడండి. పైకి పోయేటప్పుడు చతుశ్రుతి, దిగేటప్పుడు శుద్ధం. భాషాంగ రాగం అన్న మాట రాస్తే సరిపోదు, ఏ స్వరం అన్యమో, ఏ సంచారంలో వస్తుందో రాస్తేనే పూర్తి మార్కులు.

సాయి_కీబోర్డ్
ఆరభి దేవగాంధారి విషయం మీరన్నది నిజమే మాస్టారూ, నోట్సుతో ఆ ప్రశ్నకి జవాబు రాదు. అయినా జీవిత చరిత్రలకీ, వాద్యాల వర్ణనకీ పాత పేపర్లు చూసుకోవడం మంచిదే అంటాను.

ఫిడేలు_మాస్టారు_విజయనగరం
వాటికి తప్పకుండా చూడాలి. అక్కడ మీతో నాకు పేచీ లేదు.

శ్రుతి_భేదం
22 శ్రుతుల ప్రశ్న కూడా వస్తుంది, దాన్ని వదిలేస్తున్నారు. నాది ఫిజిక్స్, వేణువు నేర్చుకుంటున్నాను. షడ్జ గ్రామంలో స 4, రి 3, గ 2, మ 4, ప 4, ధ 3, ని 2, మొత్తం 22. మధ్యమ గ్రామంలో పంచమం మూడు శ్రుతులకి తగ్గి ధైవతం నాలుగవుతుంది. ఆ ఒక్క శ్రుతి తేడాయే ప్రమాణ శ్రుతి, 81/80. చతుశ్రుతి రిషభం 9/8, దాని కింది రిషభం 10/9. ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే మళ్లీ అదే 81/80 వస్తుంది. లెక్క చేసి చూపిస్తే చాలా మంచి సమాధానం అవుతుంది. తంబూరా శ్రుతి చేసుకుని, అందులో వినిపించే అంతర గాంధారం (5/4) చెవితో పట్టుకుంటే ఈ భిన్నాలు కాగితం మీద అంకెలుగా ఉండవు.

గ్రహభేదం కూడా ఇష్టంగా చేయండి. శంకరాభరణాన్ని రిషభం నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ, గాంధారం నుంచి హనుమతోడి, మధ్యమం నుంచి మేచకల్యాణి, పంచమం నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నఠభైరవి. నిషాదం నుంచి మొదలుపెడితే పంచమం దొరకదు కాబట్టి మేళకర్త రాదు, ఈ ఆఖరి వాక్యం చాలామంది రాయరు.

లీసెస్టర్_అమ్మ
నమస్తే. మేము ఇంగ్లండ్‌లో ఉంటాం. మా పాప ఇక్కడ ఏబీఆర్‌ఎస్‌ఎమ్ (ఇక్కడి సంగీత పరీక్షల బోర్డు) పియానో గ్రేడ్లు చేస్తోంది, ఆరో గ్రేడు ప్రాక్టికల్‌కి వెళ్లాలంటే అయిదో గ్రేడు థియరీ పాసవ్వాలి కాబట్టి అది చదువుతోంది. కర్ణాటక సంగీతం కూడా ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది. మేజర్ స్కేలు అంటే శంకరాభరణమే కదా అని అడుగుతుంది. ఒకదాని చదువు ఇంకోదానికి పనికొస్తుందా, గందరగోళం అవుతుందా?

ఫిడేలు_మాస్టారు_విజయనగరం
స్వరస్థానాల వరకు తప్పకుండా పనికొస్తుందమ్మా. పన్నెండు స్థానాలు, పదహారు పేర్లు అన్నది పియానో మెట్ల మీద చూపిస్తే పాపకి ఒక్క పూటలో వస్తుంది. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు. షట్‌శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే మెట్టు. ధైవత నిషాదాల్లోనూ అంతే. మేజర్ స్కేలు మెట్లూ శంకరాభరణం మెట్లూ ఒకటే అని చెప్పండి. శంకరాభరణం రాగం మాత్రం గమకంతో వస్తుంది, పాపని పాడమనండి, పియానో మీద వాయించి ఊరుకోవద్దు. రెండు పరీక్షలకీ రెండు పుస్తకాలు విడిగా ఉంచితే చాలు.

రాగమాలిక_ఓరుగల్లు
నేను యూజీసీ నెట్ మ్యూజిక్‌కి చదువుతున్నాను, లక్షణ గ్రంథాలు ఆ పరీక్షకి మరీ లోతుగా కావాలి. హిందోళ గారూ, కాలాల పట్టిక చేసుకోకండి. ఒక్కో గ్రంథం ముందుదానికి ఏం చేర్చిందో రాసుకోండి. భరతుడి నాట్యశాస్త్రంలో గ్రామ, మూర్ఛన, జాతులు. మతంగుడి బృహద్దేశిలో రాగం అన్న మాటకి నిర్వచనం. శార్ఙ్గదేవుడి రత్నాకరంలో ఏడు అధ్యాయాలు, అందుకే సప్తాధ్యాయి అంటారు, పదిహేను గమకాలు కూడా అక్కడే. దానికి వ్యాఖ్యానాల్లో ఒకటి రాచకొండ సింగభూపాలుడిది, ఇంకోటి విజయనగర కాలపు కల్లినాథుడిది, ఈ రెండూ మన నేల మీదివి కాబట్టి మనవాళ్లకి గుర్తుండిపోతాయి. 1550లో రామామాత్యుడి స్వరమేళకళానిధి, మేళాల పద్ధతి. 1609లో సోమనాథుడి రాగవిబోధ. తర్వాత తంజావూరులో వేంకటమఖి చతుర్దండిప్రకాశిక, 72 మేళాల ప్రణాళిక. చతుర్దండి అంటే గీతం, ఆలాపం, ఠాయం, ప్రబంధం అని తప్పకుండా రాయాలి.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలనిపిస్తోంది. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు గారు అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో ఉంది. తమిళనాడులో, విదేశాల్లో ఎంతోమంది దాన్ని అనువాదాల్లోనే చదవాల్సి వస్తోంది. మనం మూలమే చదవగలం. గమకాలకి ఆయన పెట్టిన గుర్తులు, ఒక్కో రాగం కింద ఇచ్చిన లక్షణ గీతం, సంచారి చూడండి. దాంట్లో మేళాల పేర్లు వేరుగా ఉంటాయి, మొదటిది కనకాంగి కాదు, కనకాంబరి. రెండోది ఫేనద్యుతి. ఎనిమిదోది జనతోడి. అది అసంపూర్ణ మేళ పద్ధతి. గోవిందాచార్యుల సంగ్రహచూడామణి పద్ధతిలో మనం వాడే హనుమతోడి, కనకాంగి వస్తాయి, ఆరోహణ అవరోహణ రెండూ క్రమ సంపూర్ణంగా ఉంటాయి. జనతోడి, హనుమతోడి రెండింటికీ కటపయాది 08 వస్తుంది, చూసుకోండి. ఈ రెండు పద్ధతుల తేడా రాయమని అడిగితే అసలు పుస్తకం తిరగేసిన వాళ్లు రెండు పేజీలు సునాయాసంగా రాస్తారు.

ప్రతిమధ్యమం
రాగమాలిక గారూ, ఆ పుస్తకం గురించి రాసినందుకు మనసారా థాంక్స్. మా ఇంట్లో మా తాతగారి ప్రతి ఉంది, అట్ట ఊడిపోయింది కానీ లోపల గమకం గుర్తులు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. వీణ వాళ్లు అయితే ఆ గుర్తులు చూసి వాయించుకోవచ్చు.

వీణ_సీతమ్మధార
అవును, నేను అలాగే నేర్చుకున్నాను. నొక్కు, జారు, స్ఫురితం, ఒక్కోదానికి ఒక గుర్తు. దశవిధ గమకాల మీద వ్యాసం రాసేటప్పుడు ఆ గుర్తుల్లో రెండు మూడు గీసి చూపించండి, దిద్దేవాళ్లు తప్పకుండా గమనిస్తారు.

హిందోళ_కాకినాడ
మీరందరూ ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. ప్రింట్ తీసి పెట్టుకున్నాను. పొద్దున సాధన అయ్యాక ఒక మేళం లెక్క, దాన్ని పాడటం. రాత్రి ఒక ఆవర్తనం నొటేషన్. ఆదివారం లక్షణ గ్రంథాలు. దశప్రాణాలకి నాకు వచ్చిన కీర్తనల్లోంచే ఉదాహరణలు వెతుకుతున్నాను, మార్గానికి తప్ప అన్నింటికీ దొరికాయి. ఇంకొక్క సందేహం. పరీక్ష హాల్లో ఏది ముందు రాయాలి? నొటేషన్ ముందు రాస్తే సమయం తినేస్తుందని భయం, చివరికి ఉంచితే తొందరలో లెక్క తప్పుతుందేమోనని భయం.

వీణ_సీతమ్మధార
ముందే రాయండి. తాజాగా ఉన్నప్పుడు తాళం లోపల నడుస్తుంది. హాల్లో గట్టిగా పాడలేరు కాబట్టి ఇంట్లో కూడా పెదవి కదపకుండా, బల్ల కింద వేళ్లతో తాళం వేసుకుంటూ రాయడం అలవాటు చేసుకోండి. గళ్లు గీసి, అంకెలు మూలగా వేసుకుని, పల్లవి వరకు రాసి లెక్క సరిచూసుకోండి. అది కుదిరితే మిగతాది దానంతట అదే వస్తుంది. ఎక్కడైనా ఆగిపోతే ఆ పేజీలో చోటు వదిలి వేరే ప్రశ్నకి వెళ్లండి, పాట వెనక్కి తిరిగి వచ్చినప్పుడు రాసుకోవచ్చు.

మృదంగం_తెనాలి
అక్కా, మార్గానికి విడిగా కీర్తన వెతకొద్దు. ఒక్కో క్రియకి ఎన్ని మాత్రలు పట్టాలి అన్నదే మార్గం. మీకు వచ్చిన పల్లవినే ఒకసారి ఒక కళలో, ఒకసారి రెండు కళల్లో తాళం వేసి పాడండి, పాట మారకుండా చేతి వేగం ఎలా మారిందో అదే ఉదాహరణగా రాసేయండి. కళకి కూడా అదే పల్లవి పనికొస్తుంది.

హిందోళ_కాకినాడ
ఇప్పుడే వేసి చూశాను తమ్ముడూ, కుదిరింది. రేపు ఉదయం సాధనలో రెండు కళల్లో మళ్లీ ఒకసారి పాడి రాసుకుంటాను.